సాఫు ప్రతిలో లేని మూడు పంక్తులు

2017 జూన్ 5, సోమవారం. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు వెళ్లే దారిలో, ఒక క్రైస్తవ ట్రస్టు నడిపే ఎనభై పడకల ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరాను. నర్సులందరికీ నేను పై అధికారిని. నా పైన పరిపాలనాధికారి. ఆయన పాస్టర్ కూడా కావడంతో అందరం అయ్యగారు అనేవాళ్లం.

వార్డులో ఏది పాడైనా డ్యూటీ నర్సు లోపాల పుస్తకంలో రాయాలి. నేను చదివి సంతకం చేయాలి. మరమ్మతు అయ్యగారు చేయించాలి. మూడు నెలలకోసారి ఆ పుస్తకానికి సాఫు ప్రతి తీసి ట్రస్టు బోర్డుకు పెట్టడం అక్కడి ఆనవాయితీ. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకే ఇచ్చారు.

"పెద్దవాళ్లకు చిన్నాచితకా విషయాలెందుకండీ? మనం చూసుకుందాం, ప్రార్థన చేద్దాం" అనేవారు అయ్యగారు. వదిలేయాల్సిన వాటి పక్కన పెన్సిలుతో గీత పెట్టేవారు. నేను వదిలేసేదాన్ని.

మహిళల వార్డులో ఏడో నంబరు మంచం పక్క కమ్మీకి గొళ్లెం పట్టడం లేదని సుజాత అనే నర్సు జూలై 11న, ఆగస్టు 2న, మళ్లీ 19న రాసింది. మూడింటి కిందా నా సంతకం, పక్కన పెన్సిలు గీత. సెప్టెంబరు చివర నేను తీసిన సాఫు ప్రతిలో ఆ పంక్తులు లేవు.

అక్టోబరు 9 ఉదయం, సుజాత డ్యూటీలో ఉండగా, ఆ కమ్మీ జారి డెబ్బై రెండేళ్ల రోగి కింద పడింది. తుంటి ఎముక విరిగింది. విచారణకు కూర్చున్న బోర్డు సాఫు ప్రతినే చూసింది. కమ్మీ గురించి సుజాత ఏమీ రాయలేదని తేల్చింది. అసలు పుస్తకం నా బీరువాలో ఉంది.

"ఇంతేనా మేడం?" అని ఛైర్మన్ అడిగారు.

"ఇంతేనండీ" అన్నాను.

12వ తేదీన సుజాతను ఉద్యోగంలోంచి తీసేశారు. వెళ్లే ముందు నా గదికి వచ్చింది.

"మూడుసార్లు రాసిన గదా మేడం. మీరు సదవకుండనే సంతకం పెడ్తరా? గట్లయితే జర కండ్లద్దాలు మార్పించుకోండ్రి."

మూడూ చదివే పెట్టాను.

పదహారు రోజుల తర్వాత అసలు పుస్తకం ఛైర్మన్ చేతికిచ్చాను. ఉత్తర్వు రద్దయింది. సుజాత అప్పటికే సోమాజిగూడలో వేరే ఆసుపత్రిలో చేరింది, తిరిగి రానంది. అయ్యగారిని, నన్ను ఎవరూ సంజాయిషీ అడగలేదు. ఆ ఆదివారం మా ఇద్దరి కోసం ప్రార్థన చేశారు, అంతే.

పైకి పంపే కాగితంలో రాయకుండా వదిలినదానికి కూడా సంతకం చేసినవారే జవాబుదారీ. ఈ సంగతి ఆ సంఘటన వల్లే తెలిసిందని రాస్తే అబద్ధమవుతుంది. చేరిన రోజునే నాకు తెలుసు.