అమ్మ కొంగు వదలని అత్త

ఫిలాసఫీలో బీఏ చేస్తానంటే నాన్న చాలాసేపు నా మొహంలోకి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఇక్కడ సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్న మనిషి. "గది సదివితే ఏమొస్తది బిడ్డా?" అన్నాడే గాని వద్దనలేదు.

రెండో ఏడాదిలో ఒక రోజు మా సారు క్లాసులో అడిగారు: మనిషిని మనిషిగా నిలబెట్టేది ఏమిటి? ఆలోచన అన్నారొకరు. జ్ఞాపకం, మాట అన్నారు ఇంకొందరు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. నాన్నకు అక్క. పుట్టినప్పటి నుంచి మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. అన్నం అమ్మ కలిపి తినిపించాల్సిందే.

"మరి ఇవేవీ లేనివాళ్లు, సార్?" అని అడిగాను.

"వాళ్లను మనం చూసుకోవాలి" అని ఆయన ముందుకు వెళ్లిపోయారు. నాకు అది సరిపోలేదు.

ఆ వారంలోనే అత్త వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. రోజంతా కిటికీ దగ్గర కూర్చునే మనిషి, అమ్మ చీర కొంగు పట్టుకుని తిరగసాగింది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్తే పొయ్యి దగ్గరికి, నీళ్లకు వెళ్తే నీళ్లకు. విడిపించబోతే ఇంకా గట్టిగా పట్టుకునేది. పక్కింటామె నవ్వింది. "పిచ్చి ముదిరినట్టుంది. ఆమెకేం తెలుస్తది పాపం!"

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ రొట్టెలు చేస్తోంది. అత్త వెనకే కూర్చుని అమ్మ వీపుకు చెంప ఆనించింది. అంతే, అమ్మ చేతులు ఆగిపోయాయి. నేను దగ్గరికి వెళ్లి చూస్తే కళ్ల నిండా నీళ్లు.

"ఏమైందమ్మా?"

"రొమ్ముల గడ్డ తగులుతుంది బిడ్డా. వారం దినాలైంది. మీ నాయినకు చెప్పలే."

ఆ వారమంతా అమ్మ మాతో నవ్వుతూనే మాట్లాడింది. నాన్న కనిపెట్టలేదు. పుస్తకాలు చదివే నేనూ కనిపెట్టలేదు. ఏమీ తెలియదని అందరూ అనే అత్త ఒక్కతే కనిపెట్టింది.

మర్నాడే ఆసుపత్రికి వెళ్లాం. కొంగు వదలదు కాబట్టి అత్తా వచ్చింది. పరీక్ష ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చివరికి డాక్టరమ్మ కాగితం చూసి, అది మామూలు గడ్డే, భయం లేదంది. నేను బయటికి పరుగెత్తి నాన్నకు ఫోన్ చేశాను. సాంచాల చప్పుడులో ఆయనకు ఒక్క ముక్కా వినబడలేదు. "ఏం లేదట! నాయినా, ఏం లేదట!" అని రోడ్డు మీద నిలబడి అరిచాను. జనం ఆగి చూశారు. చూడనీ! తిరిగొస్తూ ఆటోలో అత్త కొంగు వదిలేసి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు క్లాసులో కూర్చోకముందే సారుకు అంతా చెప్పేశాను. గుజరాతీ, హిందీ కలగాపులగంగా, ఊపిరి తీసుకోకుండా. "సార్, ఆలోచన చేరలేని చోటికి ప్రేమ చేరింది. అది కూడా తెలుసుకోవడమే కదా?" "ఆవిడను చూడవచ్చా?" అన్నారు సారు.

ఆదివారం మిఠాయి డబ్బాతో వచ్చారు. అత్త ఆయన చెయ్యి పట్టుకుంటుందని, కనీసం నవ్వుతుందని ఎంత ఆశపడ్డానో! ఆమె డబ్బా లాక్కుంది, రెండు ముక్కలు తింది, గోడవైపు తిరిగి కూర్చుంది. నేనెంత పిలిచినా చూడలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అమ్మ చాయ్ తెస్తూ నన్నే కసిరింది. "ఎందుకు సతాయిస్తవే ఆమెను? సూస్తె సూస్తది, లేకుంటె లేదు. ఆమె మనిషి కాదా? ఆమె ఇష్టం ఆమెది!"

ఆ మాట హిందీలోకి మార్చి చెప్పగానే సారు నిజమేనంటూ పకపకా నవ్వారు. నాకు మాత్రం నా పొరపాటు అప్పుడు తెలిసింది. అత్త ప్రేమను సాక్ష్యంగా చూపించి ఆమెను మనిషిగా నిరూపించబోయాను నేను. అమ్మకు ఏ నిరూపణా అక్కర్లేదు. ప్రేమించడమే కాదు, ముఖం తిప్పుకోవడమూ అత్త హక్కే.

సారును ఆటో దాకా సాగనంపుతూ ఇదంతా గడగడా చెప్పాను. ఆయన ఆటో ఎక్కారు. అది కదిలాక కూడా దాని పక్కనే నాలుగడుగులు పరుగెత్తుతూ నేనింకా మాట్లాడుతూనే ఉన్నాను.