కాలు వంచితేనే కథ

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్లో వార్తలు చూస్తుంటే ఒక ఆస్ట్రేలియా కుర్రాడి ఫొటో కనిపించింది. బాస్కెట్‌బాల్ కోర్టు అంచున గొంతుక్కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. మళ్లీ ప్రాక్టీసు మొదలుపెట్టాడట, ఏ జట్టయినా తీసుకుంటుందో లేదో ఇంకా తేలలేదట. బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలిసింది సున్నా. జట్టుకి ఎంతమంది అంటే ఇప్పటికీ తడుముకుంటాను. అయినా ఆ ఫొటోలో నేను మొదట చూసింది అతని ఎడమ మోకాలు. పూర్తిగా మడత పడిందా లేదా అని పెద్దది చేసి మరీ చూశాను. మా ఆవిడ పక్కనుంచి తొంగిచూసి, "మనవాడేనా?" అంది. మనవాడే. ఎలా మనవాడయ్యాడో చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి.

అత్తయ్యది రేపల్లె. డెబ్బై దాటినా కాలితో తొక్కే మిషను మీద ఊళ్లో సగంమందికి జాకెట్లు కుడుతుంది. మోటారు పెట్టిస్తానంటే తన్నడానికి వస్తుంది. కుట్టడం ఆవిడకి పేరుకే వృత్తి, అసలు పని ఆరా తీయడం. కొలతలు తీసేలోపు ఎదుటి మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టేస్తుంది. ఒకసారి తెనాలిలో ఆవిడతో కలిసి బాపట్ల వైపు పాసింజరు ఎక్కాను. చుండూరు వచ్చేసరికి ఎదురు సీటావిడ కోడలితో మాట్లాడటం లేదని తెలిసింది. నిడుబ్రోలు వచ్చేసరికి ఎందుకు మాట్లాడటం లేదో తెలిసింది. బాపట్లలో దిగేటప్పుడు ఇద్దరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఊళ్లోవాళ్ల గొడవలన్నీ నీకెందుకని మా నాన్న చెల్లెల్ని కసురుకునేవాడు. నాకు మాత్రం అత్తయ్యతో ప్రయాణమంటే టిక్కెట్టు లేని నాటకం.

నిరుడు ఆవిడ ఎడమ మోకాలు మార్చారు. ఆపరేషన్ అయ్యాక తెనాలిలో మా ఇంటికే తీసుకొచ్చాం. రోజూ కాలు వంచుతూ ఉండాలి, లేకపోతే లోపల బిగుసుకుపోతుంది, ఇక మిషను సంగతి మర్చిపోవచ్చు అని డాక్టరు చెప్పి పంపాడు. మిషను లేని అత్తయ్యని నేను ఊహించుకోలేను, ఆవిడా ఊహించుకోలేదు. అయినా వంచమంటే ససేమిరా అంది. నొప్పి అలాంటిది. వంచడానికి బాపట్ల నుంచి రోజూ రైల్లో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. మొదటిరోజే ఆ పిల్ల దగ్గర రాబట్టాల్సిందంతా అత్తయ్య రాబట్టేసింది: నాన్నకి వెల్డింగ్ షాపు, అక్కని పేరాలలో మగ్గాలవాళ్లింట్లో ఇచ్చారు, కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడేది. మర్నాటి నుంచి కొత్త సంగతులేమీ మిగల్లేదు. అమ్మాయి కాలు మీద చెయ్యి వేయగానే అత్తయ్య "ఇవాళొద్దులేమ్మా" అని కళ్లు మూసుకునేది.

ఒకరోజు ఆ అమ్మాయి ఫోను తీసి అత్తయ్య ముందు పెట్టింది. అందులో తాడిచెట్టంత కుర్రాడు బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఎవరో అతని మోకాలు వంచుతుంటే మొహం మీద తువ్వాలు కప్పుకుని ఏడుస్తున్నాడు. అత్తయ్య లేచి కూర్చుంది. ఎవరి పిల్లాడు, ఏ ఊరు, పక్కన తల్లి లేదేం? "అన్నీ చెప్తానండి అమ్మమ్మగారూ. ముందు కొంచెం వంచండి," అంది అమ్మాయి. అత్తయ్య పళ్లు బిగించి కొంచెం వంచింది. వాళ్లది ఆస్ట్రేలియాలో సముద్రం పక్కన చిన్న ఊరని, నాన్న చేపల రేవులో పని చేస్తాడని అమ్మాయి చెప్పింది. "మన నిజాంపట్నం లాంటిదా?" అంది అత్తయ్య. అది తెలియాలంటే ఇంకొంచెం వంచాలి.

అలా మొదలైంది. అమ్మాయి బాపట్లలో రైలెక్కి దారిపొడుగునా ఫోన్లో ఆ కుర్రాడి గురించి వెతుక్కుంటూ వచ్చేది. మధ్యలో సిగ్నల్ పోతే ఆ రోజు కథ పొట్టిగా ఉండేది, కాలూ అంతంతమాత్రంగానే వంగేది. మీసాలు రాకముందే పెద్దవాళ్ల జట్టులో చేరాడు. అమెరికా పిలిచింది. అక్కడ నెలల తరబడి ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆడటానికి పిలిచి కూర్చోబెట్టడమేంటని అత్తయ్యకి ఒళ్లు మండి ఆ రోజు కాలు మామూలు కన్నా బాగా వంగింది. ఎట్టకేలకు ఆడించిన రోజున ఎగిరి దిగుతూ మోకాలు పాడుచేసుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక సొంత దేశంలోనే ఒక జట్టు చేర్చుకుంది. అక్కడికి కథ అయిపోయింది. అత్తయ్య కాలు మాత్రం ఇంకా మిషను దాకా రాలేదు. ఇక వాడు కోర్టులోకి దిగాలి, అప్పటిదాకా చెప్పడానికేమీ లేదు.

వారం తర్వాత అమ్మాయి వస్తూనే కుర్రాడు నిన్న ఆడాడని, ఇరగదీశాడని చెప్పింది. అత్తయ్య సంతోషించలేదు. వాళ్లమ్మ చూడ్డానికి వచ్చిందా, ఏ రంగు గౌను వేసుకుంది, వాడు దిగగానే ఏం చేసింది అని వరసగా అడిగింది. అమ్మాయి గౌను దగ్గరే తడబడింది.

"నిజం చెప్పమ్మా. నేను తట్టుకుంటాలే."

మోకాలు మళ్లీ వాచిందని, ఈ సీజన్‌కి ఆడలేడని, జట్టు వదిలేసుకుందని అమ్మాయి తలొంచుకుని చెప్పింది. వైద్యం ఇక్కడితో సరి అనుకున్నాను. ఇంతలో అత్తయ్యే కాలు ముందుకు చాపింది.

"పట్టుకో. వాడికి కుదర్లేదని నేను మానుకుంటే, ఇద్దరివీ పోయినట్టేగా."

ఆ రోజు ఎవరూ ఏ కథా చెప్పలేదు. అత్తయ్య కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి, పట్టుకున్న అమ్మాయి కూడా ఏడుస్తోంది. కాలు మాత్రం అంతకుముందు ఎన్నడూ వంగనంత వంగింది. నేను చూడలేక అవతలికి వెళ్లిపోయాను.

నెల తిరక్కుండా అత్తయ్య రేపల్లె వెళ్లి మిషనెక్కింది. మొదట కుట్టింది బాపట్ల అమ్మాయి జాకెట్టే. కొలతలు ఎప్పుడు తీసుకుందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కన్నా ముందు ఆ కుర్రాడి మోకాలి సంగతి అడుగుతుంది. ఏడాది ఆట పోయిందని అక్కడ వాడు కుమిలిపోయి ఉంటాడు, ఏడాది కుట్టు దొరికిందని ఇక్కడ అత్తయ్య మురిసిపోతోంది; ఇద్దరికీ గడిచింది మాత్రం ఆ ఒక్క ఏడాదే.