తట్టని చెయ్యి

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. తమ్ముడు పోయిన తర్వాత కూడా కలగలేదు. పోయినవాళ్లు తిరిగి వస్తారని నమ్మగలిగితే నాకే కాస్త సుఖంగా ఉండేది. అయినా నమ్మలేకపోయాను. ఇది రాయిస్తున్నది భయం కాదు, కోపం.

ఆ మధ్య కుప్పంలో గుడుపల్లె బస్సు కోసం ఎదురుచూస్తున్నాను. టీ అంగడి బల్ల మీద ఒకాయన పక్కవాడికి చెబుతున్నాడు.

"పుంగనూరు కాడ మోటారు దెయ్యం ఉండాదంటప్పా. వీపుకు మోటారు కట్టుకోని ఎగిరి, పడి సచ్చిపోయినాడే, వాడే. ఆ పక్క పోతే కాళ్లు పట్టుకోని లాగతాదంట."

"యాల లాగతాది?"

"యాల అంటే? దెయ్యానికి వేరే ఉద్యోగమేముండాది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లు మాట్లాడుతున్నది నా తమ్ముడు చలపతి గురించి. నేను టీ సగంలో వదిలేసి లేచిపోయాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

చలపతి బెంగుళూరులో ఒక కార్ఖానాలో పని చేసేవాడు. ఎనభైల చివర్లో అక్కడ విమానాల పిచ్చి ఉన్న కొందరితో స్నేహమైంది. వాళ్లలో ఒకాయన విదేశం నుంచి పారామోటార్ తెచ్చుకున్నాడు. అప్పటికి మన వైపు ఎవరూ దాని పేరు కూడా వినలేదు. వీపుకు ఒక చిన్న మోటారు, దాని వెనక పంకా, పంకా చుట్టూ అల్యూమినియం చట్రం. తల మీద పారాచూట్ లాంటి పొడవాటి గుడ్డ రెక్క. మనిషి పరుగెత్తితే రెక్క గాలి పోసుకుని లేస్తుంది, పంకా వెనక నుంచి తోస్తుంది. చలపతి ఆయన దగ్గర పూర్తిగా నేర్చుకుని, ఆయన కొత్తది తెప్పించుకున్నాక పాతది కొనుక్కుని పుంగనూరు తెచ్చాడు. అప్పుడు నేను మదనపల్లెలో లైబ్రరీలో పని చేస్తూ, సెలవు దొరికితే ఇంటికి వస్తుండేవాణ్ణి.

మా వీధి చివర అన్వర్ షామియానాలు కుట్టేవాడు. రెక్కలో చిన్న చిరుగు కుట్టించడానికి చలపతి అతని దగ్గరికి వెళ్లాడు. గుడ్డ చేతిలోకి తీసుకున్న అన్వర్ ఇక వదల్లేదు. తనకూ నేర్పమన్నాడు.

నేర్పడమంటే ఎగరడం కాదు. చౌడేపల్లె దారిలో శనక్కాయ పీకేసిన చేను ఒకటి ఉంది. వారాల తరబడి అక్కడ మోటారు లేకుండా, రెక్కను నెత్తి మీద నిలబెట్టుకుని పరుగెత్తడమే పని. పాలు తీసుకుపోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూసేవాళ్లు.

"ఏం అన్వరూ, ఎగరకుండా ఈ పరుగేంది? పోలీసు సెలక్షనా?"

"నీ బర్రె తప్పిచ్చుకుంటే పట్టేదానికిలే మామా," అనేవాడు అన్వర్.

చలపతికి కొన్ని నియమాలు ఉండేవి. తెల్లవారిన తర్వాత కాసేపు, పొద్దు వాలేముందు కాసేపు, అంతే. ఎండ ఎక్కితే నేల కాగి గాలి పిచ్చిగా లేస్తుంది కాబట్టి ఎవరు బతిమాలినా ఎగరడు. కరెంటు తీగలు ఎటు ఉన్నాయో రోజూ కొత్తగా నడిచి చూస్తాడు. ఎగిరేవాడికి తన వెనక ఉన్న పంకా కనిపించదు. అందుకని ఇంకో మనిషి వెనక చేరి అంతా చూడాలి. చూశాక తొడ పట్టీని రెండుసార్లు గట్టిగా గుంజాలి. ఆ పట్టీ వదులైతే మనిషి గాలిలో జారిపోతాడు. అంతా బాగుంటే హెల్మెట్ మీద ఒక తట్టు తట్టాలి. తట్టు పడనిదే మోటారు స్టార్టు చేసే తాడు లాగకూడదు. మధ్యలో ఎవరు వచ్చి పలకరించినా, ముట్టుకున్నా, మళ్లీ మొదటి నుంచి.

"గుంజి తట్టలేదంటే ఏందో బాగలేదని అర్థం. నోటితో చెప్పే పని లేదు. మోటారు మోతలో ఇనపడదు గదా," అనేవాడు.

ఇలాంటి మనిషిని ఊరు నిర్లక్ష్యంగా చచ్చాడంది.

ఊళ్లో ఒక కాంట్రాక్టరు ఏదో కట్టడం ప్రారంభోత్సవానికి పెద్ద సభ పెట్టించాడు. సభ మీద ఎగిరితే శిక్షణకు స్థిరంగా ఒక స్థలం ఇప్పిస్తానని చలపతికి మాట ఇచ్చాడు. రావలసిన నాయకుడు మధ్యాహ్నానికి వచ్చాడు. ఎండ తగ్గేదాకా ఎగరనని చలపతి కచ్చితంగా చెప్పాడు. అంత పెద్దమనిషిని కూర్చోబెట్టాడని, పొగరని అన్నారు. వాడు సాయంత్రం దాకా నీడలో కూర్చున్నాడు.

గాలి కుదుటపడ్డాక అన్వర్ అన్నీ చూసి, గుంజి, తట్టాడు. ఇంతలో నాయకుడి మనుషులు వచ్చి చలపతి మెడలో దండ వేశారు. వాడు దాన్ని తీసి ఇచ్చేసి, "మళ్లీ మొదటి నుంచి సూడు అన్వరూ," అన్నాడు. అన్వర్ మళ్లీ చూశాడు, మళ్లీ తట్టి, రెక్క అంచు సర్దడానికి దూరంగా వెళ్లాడు. మోటారు మోగింది.

నేను జనం వెనక ఉన్నాను. కాంట్రాక్టరు ఒక పెద్ద గులాబీ దండ పట్టుకుని చలపతి వెనక్కి పోవడం నా కళ్లతో చూశాను. కొత్త బస్సుకు, కొత్త ట్రాక్టరుకు వేసినట్టు ఆ చట్రానికి దండ తగిలించాడు. అది నాయకులకు వేసే దండ, లోపల ఇనుప తీగ పెట్టి కట్టింది. నేను అరిచాను. ఆ మోతలో, ఆ చప్పట్లలో ఎవరికి వినిపిస్తుంది? చలపతి అప్పటికే పరుగు మొదలుపెట్టాడు.

చింతచెట్ల ఎత్తుకు లేచాడు. పంకా పగిలిన చప్పుడు వచ్చింది. ముక్కలు ఎగిరి రెక్క తాళ్లు తెగాయి. ఇంక రాయను.

పంకా మొదట్లో చుట్టుకున్న తీగను, నలిగిన గులాబీలను నేను చూశాను, అన్వర్ చూశాడు. విచారణకు మనుషులు వచ్చేసరికి అక్కడ ఒక్క రేకు కూడా లేదు. దండ సంగతి మేం చెబితే కాంట్రాక్టరు, "అన్న గదా, తమ్ముడు పోయిన దుఃఖంలో ఏందేందో అంటాండాడు పాపం," అన్నాడు. ఎంత జాలిగా అన్నాడంటే, అందరూ నా వైపు జాలిగా చూశారు. ఎగిరేవాడి నిర్లక్ష్యం అని తేల్చారు. టెంకాయ కొట్టకుండా ఎగిరాడు కాబట్టి దేవుడికి కోపం వచ్చిందని ఊళ్లో ఇంకో మాట. దండ వేసినవాడి మీద మాత్రం ఎవరికీ, ఏ దేవుడికీ కోపం రాలేదు.

మా అమ్మకు ఆ నిర్లక్ష్యం అన్న మాటే పెద్ద దెబ్బ. "నా బిడ్డ చెప్పు తొడుక్కునేటప్పుడు గూడా దులుపుకోని తొడుక్కునేటోడు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వాళ్లు తల ఊపి వెళ్లిపోయేవాళ్లు.

కొన్నాళ్లకు అన్వర్ బెంగుళూరు వెళ్లాడు. చలపతికి నేర్పినాయన దగ్గరే మిగిలిన శిక్షణ తీసుకున్నాడు. ఆయన ఇచ్చిన కొత్త పంకా తెచ్చి మోటారు బాగు చేయించాడు. తాళ్లన్నీ మార్పించాడు. చలపతి చెప్పినట్టే చేస్తే ఏమీ కాదని ఊరికి చూపించాలన్నది అతని పట్టుదల. నేను వద్దన్నాను.

"నువ్వు వద్దంటే మానేస్తాను అన్నా. కానీ ఊరోళ్లు చెప్పేదే నిజమైపోతాది, పర్వాలేదా?" అన్నాడు.

చివరికి వెనక చూసి తట్టేది నేనేనని చెప్పి ఒప్పుకున్నాను.

అదే చేను. తెల్లగా తెల్లవారింది, గడ్డి మీద మంచు తడి. నేను, అన్వర్, వాళ్ల అమ్మ, మమ్మల్ని తెచ్చిన ఆటో డ్రైవరు, అంతే. నేను అన్వర్ వెనక అన్నీ చూశాను. గుంజాను, తట్టాను. నేను అన్వర్ ముందుకు వచ్చేశాక వాళ్ల అమ్మ వచ్చింది. కొడుకు చుట్టూ తిరిగి, ఏదో చదివి వీపు మీద ఊది, "జాగ్రత్త బేటా," అని గట్టు మీదికి వెళ్లిపోయింది.

పరాయివాడెవరైనా ముట్టుకుని ఉంటే మళ్లీ మొదటి నుంచి చూసేవాళ్లం. అమ్మ వచ్చి ఊదితే అది ముట్టుకోవడమని మా ఇద్దరికీ తోచనే లేదు.

నేను అన్వర్ ఎదురుగా పాతిక అడుగుల దూరంలో, గాలి వాలు తెలియడానికి గుడ్డపీలిక కట్టిన వెదురుకర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ల అమ్మ, డ్రైవరు గట్టు మీద ఉన్నారు, ఇద్దరూ నాకు కనిపిస్తున్నారు. అన్వర్ వెనక నేల మీద పరిచిన రెక్క, దాని తాళ్లు తప్ప ఏమీ లేవు. అన్వర్ చెయ్యి మోటారు తాడు మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది. అలాగే నిలబడ్డాడు.

"తట్టు అన్నా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"రెండుసార్లు గుంజి ఊరకుంటావేం? తట్టు," అంటూ తల ఎత్తాడు. ఎదురుగా కర్ర పట్టుకుని ఉన్న నన్ను చూశాడు.

"నేను ఈడనే ఉండాను గదప్పా," అన్నాను.

"కుడికాలి పట్టీ. రెండుసార్లు," అన్నాడు చివరికి. "గట్టిగా. తట్టలేదు."

తట్టు పడలేదు కాబట్టి అన్వర్ తాడు వదిలేసి, అక్కడే కూర్చుని, పట్టీలు విప్పి మోటారు దించాడు. చట్రం వెనక ఆకుపచ్చ గుడ్డపీలిక ఒకటి కట్టి ఉంది. మూరెడు కొస పంకాకు ఆనుకుని వేలాడుతోంది. దాని చివర రాగి తాయెత్తు. నేను వెనక చూసినప్పుడు అది లేదు.

అన్వర్ దాన్ని విప్పి పైకెత్తి చూపించాడు. వాళ్ల అమ్మ గట్టు దిగి పరుగున వచ్చింది. "నేనే కట్టినా. దర్గాలో మొక్కి తెచ్చినా. నేనే బేటా, నేనే," అంటూ రెండు చేతులతో తల బాదుకుంది. ఎవరూ అడగకముందే చెప్పింది. ఎవరి మీదా తోయలేదు.

నేను వెనక నేలంతా చూశాను. రెక్క మీద మంచు చెదరలేదు. నేను, వాళ్ల అమ్మ తిరిగిన అడుగులు తప్ప గడ్డి ఇంకెక్కడా నలగలేదు. పట్టీ దేనికైనా తగులుకుని గుంజినట్టు అనిపించిందేమో అనుకున్నాను. తగులుకోవడానికి అక్కడ ఏమీ లేదు. అన్వర్ భయపడి ఊహించుకున్నాడా? భయపడితే తట్టమని నన్ను విసుక్కునేవాడు కాదు. అదే ప్రశ్న ఇప్పటికీ తిప్పితిప్పి చూసుకుంటాను. ఎటూ తెగలేదు.

ఆ పూటే మళ్లీ మొదటి నుంచి అంతా చూసుకున్నాం. ఈసారి వాళ్ల అమ్మను కూడా దగ్గరికి రానివ్వలేదు. నేను గుంజి, తట్టాను. అన్వర్ ఎగిరి, చౌడేపల్లె వైపు చుట్టి వచ్చి, నెమ్మదిగా దిగి నాలుగడుగులు పరుగెత్తి ఆగాడు.

ఆ గుడ్డపీలిక తీసుకుని నేను కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాను. పంకా దగ్గర గుడ్డ కొస వేలాడితే ఏమవుతుందో, తీగ దండ వేస్తే ఏమయిందో ఒక్కసారి ఒప్పుకోమన్నాను. మా అమ్మ ముందు ఆ మాట చెబితే చాలు, ఇంకేమీ అడగనన్నాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. చివరికి పట్టీ గుంజిన సంగతి చెప్పాను. అప్పుడు ముందుకు వంగాడు.

"అట్లనా? నిజంగా గుంజిందా? అయ్యో, అయితే మీ తమ్ముడు ఆడనే తిరగతాండాడప్పా. శాంతి చేయించండి. ఖర్చు నేను పెట్టుకుంటా."

దండ మాట నమ్మనివాడు దీన్ని అప్పటికప్పుడు నమ్మాడు. నేను లేచి వచ్చేశాను. సాయంత్రానికే ఊరంతా పాకింది. అందులో దండ లేదు, తాయెత్తు లేదు, ఒక మనిషి బతికి బయటపడడం లేదు. కాలు లాగే దెయ్యం మాత్రమే ఉంది. కుప్పంలో నేను విన్నది అదే.

ఆ పొద్దున అన్వర్ తొడ పట్టీ గుంజింది ఎవరో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. మా అమ్మ కూడా చనిపోయేదాకా ఒక్కసారి కూడా దెయ్యం అన్న మాట అనలేదు. "చూసి తట్టకుండా వదిలేసినాడా? అట్లయితే వాడే," అని మాత్రం అంది.

చట్రానికి దండ తగిలించింది ఎవరో నాకు బాగా తెలుసు. అది ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.