పళ్ళ డాక్టరమ్మ, డ్రాగన్ల యుద్ధం

పళ్ళ డాక్టరమ్మకు యాభై దాటాయి. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య చేతులు కడుక్కుని, డ్రాగన్ల యుద్ధాలున్న లావుపాటి నవల తెరిచి, కత్తులు దూసేచోట కాళ్ళు ఊపేస్తుంటుంది. ఆ రోజు, రెండుసార్లు సూది చూసి పారిపోయిన డ్రైవరు మళ్ళీ వచ్చాడు. అతని సంచిలో అదే నవల మూడో భాగం కనిపించగానే ఆమె చప్పట్లు కొట్టింది.

"కోట కూలేచోటికి వచ్చారా?"

"అయ్యో, కోట కూలుతుందా! ఇంకేం చెప్పకండి మేడమ్!"

ఆమె నాలిక్కరుచుకుని, అతను చదివేసిన రెండో భాగం గురించి మాట ఎత్తుకుంది. సూది పడిందన్న సంగతే గమనించకుండా, అతను నోరు తెరుచుకునే "ఊఁ, ఊహూఁ" అంటూ ఆ కథలోని రాణి తరఫున వాదించాడు. ఈలోగా పన్ను ఊడొచ్చింది.

"వారం తర్వాత రండి. ఈలోగా మూడోది ముగించి నాలుగో భాగం మొదలుపెట్టండి."

అతను బుగ్గలో దూది అదుముకుని, "రేపే రావచ్చా మేడమ్?" అన్నాడు.