రెండు లెన్సుల్లో అమ్మ మెడ

అమ్మ మెడ మీది గడ్డను ఆలస్యం చేయకుండా కోసి తీయాలని సూర్యాపేట దవాఖానలో చెప్పారు. సోమవారం వచ్చి చేరమన్నారు. అంతకు ముందు వారం మిర్యాలగూడలోని మా ఇంట్లో మా చర్చి సంఘమంతా కూడింది. అమ్మను కిటికీ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆ తర్వాత అమ్మ అడిగితే ఫొటోలు తీశాను. నాది పాత రష్యా కెమెరా. దానితో వచ్చిన లెన్స్‌తో ఒకటి, కొత్తగా కొన్న జపాన్ లెన్స్‌తో ఒకటి తీశాను.

కోదాడ స్టూడియోలో ఫిల్ము కడిగించి ఫొటోలు తెచ్చాను. కొత్త లెన్స్ ఏదీ దాచలేదు. కిటికీ చువ్వలు, అమ్మ ముడతలు, గడ్డ అన్నీ ఉన్నాయి. పాత లెన్స్ ఫొటోలో కిటికీ వెలుగు పాలలా పరుచుకుని, అమ్మ తలనూ మెడనూ కమ్మేసింది. పాత అద్దాలకు ఇప్పటిలాంటి పూత ఉండదు. ఎదురుగా వచ్చే వెలుగు వాటి మధ్య చెదిరిపోతుంది. ఆ మెత్తదనం నాకెప్పుడూ ఇష్టమే.

ఇంటికొచ్చిన సంఘంవాళ్లలో ఒక పెద్దామె ఆ పాత లెన్స్ ఫొటో చూసి, "గడ్డ ఏది సెల్లే? ప్రభువు ముట్టిండు" అంది. వచ్చినవాళ్లంతా స్తోత్రం చెప్పారు.

నేను రెండో ఫొటో అమ్మ చేతికిచ్చాను. "గిది గూడ అప్పుడే తీసిన అమ్మా. గిండ్ల ఎలుగు లేదు సూడు."

"నీ కొత్త అద్దానికి విశ్వాసం లేదురా" అని నవ్వింది.

పాత లెన్స్ పెట్టి, కెమెరా అమ్మ కంటికి ఆనించి కిటికీ ముందున్న ఖాళీ కుర్చీని చూపించాను. దాని చుట్టూ అదే వెలుగు.

"గా కుర్చీలనే గదరా నేను కూసున్నది" అంది.

సోమవారం పొద్దున సంచి సర్ది గడప దగ్గర పెట్టాను. అమ్మ చెప్పులు వేసుకోలేదు.

"ఆ దినం నువ్వు గూడ మోకాళ్ల మీద ఉంటివి. ఏమడిగినవ్?"

"నీకు నయం గావాలని."

"ఇచ్చిండంటే మరి నువ్వే ఎందుకు నమ్మవ్?"

ప్రభువు గుడ్డివాని కళ్లకు మన్ను పూసి ఊరుకోలేదు, కడుక్కోవడానికి కోనేటికి పంపాడు అన్నాను. మందు కూడా ఆయనదే అన్నాను. అమ్మ తలూపింది, కదలలేదు. ఆయన బాగుచేయగలడని నేను మనసారా నమ్ముతాను. ఆ వెలుగు గాజుదని కూడా నాకు తెలుసు. రెండూ ఒకే నోటితో అమ్మకు ఎట్లా చెప్పాలో తోచలేదు.

సూర్యాపేట బస్సు వీధి చివర ఆగి, వెళ్లిపోయింది.

"అన్నం తింటవా?" అని అమ్మ నా వైపు తిరిగింది. మెడ తిరగక, భుజాలతో సహా తిరిగింది.