లారీ అద్దంలో మా కారు

లారీ గాలిని చీల్చుకుంటూ పోతుంటే, దాని వెనకే అంటుకుని వెళ్తే కారుకు పెట్రోలు తక్కువ పడుతుందని ఎవరో చెప్పారు. విన్నది వెంటనే ఆచరించే మహర్షిని నేను. రాజోలు నుంచి అమలాపురం వెళ్తూ ఒక కొబ్బరికాయల లారీకి ఎంత దగ్గరయ్యానంటే, మధ్యలో దోమ దూరినా నలిగి చచ్చేది. పక్కసీట్లో మా ఆవిడ నిద్రపోతోంది.

లారీ మెల్లగా పక్కకు జరిగి ఆగింది. నేనూ వెనకే అతుక్కుని ఆగాను. డ్రైవరు దిగి వచ్చాడు. మా కర్నూలు వైపైతే నా ఏడు తరాలకూ అక్షింతలు పడేవి. ఈయన మాత్రం పెళ్లికి పిలిచినట్టు, "ఏమనుకోకండి, ఒక్కసారి నా సీట్లో కూర్చుంటారా అండి?" అన్నాడు.

హిమాలయం ఎక్కినంత ఆయాసపడి కూర్చున్నాను.

"అద్దాల్లో చూడండి. మీ కారు కనపడుతుందాండి?"

రెండు అద్దాల్లోనూ రోడ్డుంది, కొబ్బరిచెట్లున్నాయి. కారు లేదు. అందులో నిద్రపోతున్న మా ఆవిడ లేదు.

"లేదండీ," అన్నాను.

"ఆయ్. ఇందాక మలుపులో ఒక్క క్షణం కనపడి మాయమైపోయేరండి. అదీ చూడకపోతే, ఏ గేదో అడ్డొచ్చినప్పుడు, వెనకాల ఎవరూ లేరనుకుని గట్టిగా బ్రేకేసేద్దునండి."

కారెక్కి, లారీని చాలా దూరం పోనిచ్చాను. మా ఆవిడ కళ్లు తెరిచి, "ఏమైందండీ?" అంది.

"ఏమీ కాలేదు," అన్నాను. అంతకన్నా పెద్ద వార్త నా దగ్గర లేదు.