పిడికెళ్ళ పెద్ద

యేసుమణి గురించి చెప్పమంటే నాకు కడుపు మండుతుంది. అయినా నేనే చెప్పాలి. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, ఆమె సంగతి నా అంత బాగా ఎవరికి తెలుస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. కురిచేడు దగ్గర మా పాలెమంతా కూలి చేసుకుని బతికేది. మా క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు జొన్నలు తీసి దేవుని కుండలో వేయాలి. శనివారం ఒకామె ఇంటింటికీ తిరిగి వాటిని పోగుచేసి గుడికి చేర్చేది. ఆమెను పిడికెళ్ళ పెద్ద అనేవాళ్ళం. ఎవరింట్లోకైనా నేరుగా పొయ్యి దాకా వెళ్ళి కుండ మూత తీసే హక్కు ఆమెది. మునసబుకు కూడా లేని హక్కు.

పాత పెద్ద చనిపోయాక ఆ పని నాకే వస్తుందనుకున్నాను. పాస్టరు ప్రభాకరరావుగారు "మీరే ఎంచుకోండమ్మా" అని రెండు ముంతలు పెట్టించారు. ఒకటి నాది, ఒకటి యేసుమణిది. ఎవరు కావాలంటే వాళ్ళ ముంతలో చింతగింజ వేయాలి. అందరూ చూస్తుంటే నా గింజ నా ముంతలోనే ఎట్లా వేసుకుంటాను, సిగ్గు లేకుండా? యేసుమణి ముంతలో వేశాను. ఆ మహాతల్లి మాత్రం తనది తన ముంతలోనే వేసుకుంది. చివరికి ఆమెకు ఒక్క గింజ ఎక్కువొచ్చింది. నా గింజే.

ఇక ఆమె నడక చూడాలి. చూసిన రోజు నాకు తిండి సహించేది కాదు.

"ఏందే, మునసబుగిరీ వచ్చినట్టు నడుస్తా ఉండావు?" అన్నాను ఒకసారి.

"నువ్వేసిన గింజే గదా కోటమ్మక్కా" అని నవ్వింది.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. కూలి లేదు. మా ఆయన ఏబేలు జ్వరంతో మంచం పట్టాడు. ఆ వారమంతా ఎసరు పెట్టిందే లేదు, ఆకులు ఉడకేసుకుని తిన్నాం. శుక్రవారం నుంచీ పొయ్యే వెలగలేదు. శనివారం యేసుమణి వచ్చింది, వెనకే సంఘంలోని నలుగురు ఆడవాళ్ళు. కుండ ఖాళీ అని ఆమె ఒక్క మాటంటే మా ఆకలి పాలెమంతా తెలిసిపోతుంది. అదీ ఆమె నోటి నుంచి.

వాళ్ళను వాకిట్లోనే ఉంచి ఆమె లోపలికి వచ్చింది. మూత తీసి చూసింది. చంకలోని సంచిలో చెయ్యి పెట్టి, పిడికెళ్ళకు పిడికెళ్ళు తీసి మా వంటచట్టిలో పోసింది.

"అవి దేవునివి గదే" అన్నాను మెల్లగా.

"పెద్దను నేను. అడిగితే నేను చెప్పుకుంటాలే. నువ్వు ఎసరు పెట్టు."

బయటికి వెళ్ళి, "కోటమ్మక్క ఇంట్లో తీసుకున్నా, పదండి" అంది.

జొన్నగంజి కాచి ఏబేలుకు పోశాను, నేనూ తాగాను. కడుపు నిండింది గాని మంట చల్లారలేదు. ఆ పెద్దరికం నాకే వచ్చి ఉంటే ఊరి కుండల మూతలన్నీ తీసి చూసేదాన్ని. చెయ్యి సంచిలోకి మాత్రం పోయేది కాదు, ఆ ఊహే వచ్చేది కాదు నాకు. ఆమెకెట్లా వచ్చిందని ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను.